స్థలం అమ్మకండి, ముందు మీ మీద టర్మ్ పాలసీ తీసుకోండి

కాకినాడ నుంచి ఒక తండ్రి రాశారు. వయసు 44, ప్రైవేటు ఉద్యోగం, నెలకు 62,000 జీతం. ఇంటర్ చదివే 17 ఏళ్ల అమ్మాయికి స్టార్‌గార్ట్ వ్యాధి అని తేలింది. చూపు మధ్యలో మసక, వాళ్లమ్మ ముఖం చూడాలన్నా తల పక్కకు తిప్పి కంటి చివర నుంచి చూస్తోందట. ఎవరో 15 లక్షలకు స్టెమ్ సెల్ ఇంజెక్షన్లతో నయం చేస్తామన్నారు. ఉన్న ఒక్క స్థలం అమ్మాలా? మిగిలిన డబ్బు అమ్మాయి పేరున దాచాలా, కొడుకు పేరున దాచి అక్కను చూసుకోమనాలా?

అమ్మకండి సార్. ఈ జబ్బు ఎక్కువగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, ఏబీసీఏ4 జన్యువు రెండు కాపీలూ దెబ్బతింటే వస్తుంది. దీన్ని నయం చేస్తుందని ఆమోదం పొందిన చికిత్స ఇప్పటికి లేదు. ప్రయోగాలు జరుగుతున్నాయి, కానీ నిజమైన ట్రయల్‌లో ఆ మందుకు మన దగ్గర డబ్బు అడగరు. కంటికి మంచిదని మందుల షాపులో ఇచ్చే విటమిన్ ఎ మాత్రలు ఇందులో కీడు చేయొచ్చు, డాక్టర్‌ని అడక్కుండా కొనొద్దు. అబ్బాయికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది, ఒకసారి చూపించండి.

చాలామందికి పక్క చూపు మిగులుతుంది. మీ అమ్మాయి చదవగలదు, సంపాదించగలదు, డబ్బు అటువైపే వెళ్లాలి. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో తక్కువ చూపు ఉన్నవాళ్లకు ప్రత్యేక విభాగం ఉంది, అక్కడ చూపించి ఆ తర్వాత మంచి ల్యాప్‌టాప్ కొనండి. తెర మీది అక్షరాలు చదివి వినిపించే ఎన్‌విడిఎ సాఫ్ట్‌వేర్ ఉచితమే. వైకల్యం 40 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉంటే యూడీఐడీ (ప్రభుత్వం ఇచ్చే వైకల్య గుర్తింపు) కార్డు తీసుకోండి, పరీక్షల్లో గంటకు 20 నిమిషాలు అదనపు సమయం, స్క్రైబ్ (ఆమె చెబితే జవాబులు రాసే మనిషి) వీలు, ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్ దాని మీదే ఆధారపడతాయి. వైకల్యం ఉన్నవాళ్లను పోషించేవారికి ఇచ్చే, ఇన్నాళ్లూ 80డిడి అని పిలిచిన పన్ను మినహాయింపు కోసం మాత్రం పాత పన్ను విధానానికి మారకండి, మీ జీతానికి కొత్త విధానంలో ఎలాగూ పన్ను పడదు.

నన్ను భయపెట్టింది ఇంకొకటి: ఉత్తరం మొత్తంలో మీ మీద బీమా ఉన్న మాటే లేదు. రేపు మీకేదైనా అయితే ఇల్లు ఎలా గడుస్తుంది? కనీసం కోటి రూపాయల టర్మ్ పాలసీ, 65 ఏళ్ల దాకా ఉండేది, ఈ నెలలోనే తీసుకోండి, బీపీ షుగర్ ఏమున్నా దాచకుండా రాయండి.

కొడుకు పేరున దాచొద్దు. వాడు మంచివాడే కావచ్చు, అయినా అక్క ప్రతి ఖర్చుకూ తమ్ముడిని అడగాల్సిన బతుకు ఎందుకు? చూపు లేకపోవడం వల్ల ఎవరికీ సంరక్షకుడు అక్కర్లేదు. 18 నిండితే ఖాతా, చెక్కుబుక్కు, ఏటీఎం, నెట్ బ్యాంకింగ్ అన్నీ ఆమెకు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు ఎప్పుడో చెప్పింది. బ్యాంకులో కాదంటే రాతపూర్వకంగా అడగండి. స్థలానికి వీలునామా రాసి, ఆమె వాటా ఎంతో అందులో స్పష్టంగా రాయండి.