ఇంట్లో పెరిగిన రామచిలుకను ఏం చేయాలి? మా ఇంట్లో జరిగింది చెబుతాను

మీరు అడిగినవి మూడు. నాలుగేళ్లుగా ఇంట్లో ఉన్న రామచిలుక వల్ల నిజంగా కేసు అవుతుందా? పంజరం తలుపు తీసి వదిలేస్తే సరిపోతుందా? దాని బదులు ఆఫ్రికన్ గ్రే (బూడిద రంగు విదేశీ చిలుక) కొనుక్కుంటే ఏ గొడవా ఉండదా? ఈ మూడు ప్రశ్నలూ మా ఇంట్లో వచ్చినవే కాబట్టి రాస్తున్నాను. నేను లాయర్ని కాదు. చట్టం చదువుకుని, అటవీ శాఖ ఆఫీసు బెంచీ మీద ఒక పూటంతా కూర్చుని తెలుసుకున్నదే ఇది.

2019 వేసవి మొదట్లో మా తమ్ముడు అమ్మ కోసం రెండు చిలక పిల్లల్ని కొన్నాడు. సైకిల్ వెనక వెదురు బుట్ట, పైన తడిపిన గోనె గుడ్డ. "చెట్టు కొట్టేస్తుంటే తొర్రలో దొరికాయి సార్, మీరు తీసుకోకపోతే చచ్చిపోతాయి" అన్నాడట అమ్మినతను. జత ఆరొందలు. వాటికి ఈకలింకా విచ్చుకోలేదు, ఒళ్లంతా సన్నటి పుల్లలు గుచ్చినట్టు ఉండేది. దగ్గరికి ఏ చెయ్యి వచ్చినా నోరు తెరిచేవి. ఒకటి మూడో రోజే పోయింది. రెండోదానికి అమ్మ చిట్టి అని పేరు పెట్టి, నానబెట్టిన సెనగపప్పు మెత్తగా నూరి చెంచాతో తినిపించి బతికించింది. ఏడాది తిరిగేసరికి గేటు చప్పుడైతే చాలు, "ఎవరదీ?" అనేది, అచ్చం అమ్మ గొంతుతో. పోస్టుమ్యాన్ రెండు మూడుసార్లు దానికే సమాధానం చెప్పాడు.

ఇందులో తప్పేదో ఉందని మాకెవరికీ తోచలేదు. ఎలా తోస్తుంది? మీనాక్షమ్మ చేతిలో ఉండేది చిలకే, ఆండాళ్ చేతిలో ఉండేదీ చిలకే. గుడి ముందు జోస్యం చెప్పేవాడి పెట్టెలోంచి నడుచుకుంటూ వచ్చి కార్డు తీసేదీ అదే. చిన్నప్పటి నుంచీ పంజరంలో చూస్తున్న పిట్టను నేరంతో ముడిపెట్టి ఎవరు ఆలోచిస్తారు!

2023లో చిట్టి కాళ్లు బలహీనపడి కర్ర మీద నిలబడలేకపోయింది. పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఏం పెడుతున్నారని అడిగాడు. పెరుగన్నం, జామకాయ, పచ్చిమిరపకాయ, అప్పుడప్పుడూ బిస్కెట్ అని అమ్మ గర్వంగా చెప్పింది. కాల్షియం లేదు, ఎండ తగలడం లేదు, అందుకే ఇలా అయింది అన్నాడు. చుక్కల మందు రాసిచ్చి, చీటీ చేతికిస్తూ మెల్లగా అన్నాడు: "వైద్యం చేస్తాను గానీ, దీన్ని ఇంట్లో ఉంచుకోకూడదని తెలుసా మీకు?" ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. టెన్షన్‌తో ఫోన్ పట్టుకుని కూర్చున్నాను.

ఇక చట్టం సంగతి. మనకు వర్తించేది వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972. పాత చట్టంలో జంతువులకూ మొక్కలకూ కలిపి ఆరు షెడ్యూళ్లు (ఏ జీవికి ఎంత రక్షణో చెప్పే జాబితాలు) ఉండేవి, మన చిలుకలు నాలుగో షెడ్యూల్లో ఉండేవి. 2022లో సవరణ చేశారు, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడున్నవి నాలుగే షెడ్యూళ్లు. రామచిలుక రెండో దాంట్లోకి వచ్చింది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, నెట్‌లో ఇప్పటికీ చాలా చోట్ల "చిలుక షెడ్యూల్ 4" అనే ఉంటుంది. ఇప్పుడు షెడ్యూల్ 4 అంటే పూర్తిగా వేరే విషయం, కింద చెబుతాను. శిక్ష ఎంతంటే, మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. సవరణకు ముందు ఆ జరిమానా పరిమితి 25 వేలు.

"నేను పట్టలేదు కదా, డబ్బులిచ్చి కొన్నాను" అని మా తమ్ముడూ వాదించాడు. ఆ వాదన నిలవదు. ఈ చట్టంలో వేట అంటే తుపాకీతో కాల్చడమొక్కటే కాదు. వల వేసి పట్టడం, ఉచ్చు పెట్టడం, గూడు పాడుచేయడం, గుడ్లు తీయడం అన్నీ వేటే. అలా పట్టిన ప్రాణి 39వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆస్తి. అది ఎవరి చేతికొచ్చినా 48 గంటల్లోగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో అటవీ అధికారికో తెలియజేయాలి. మనం నాలుగేళ్లు తెలియజేయలేదు! ఇంకో మాట. "ఇది మా ఫారంలో పుట్టిన పిల్ల, బిల్లు ఇస్తాం" అని ఎవరైనా పచ్చ చిలుకను చూపిస్తే నమ్మకండి. మన దేశపు చిలుకల అమ్మకానికి లైసెన్సు అంటూ లేదు. 1990ల మొదట్లోనే ఆ వ్యాపారాన్ని మూసేశారు. దానికి బిల్లు ఇచ్చారంటే అది నేరానికి రసీదు ఇచ్చినట్టే.

మీకు వచ్చే అనుమానం నాకూ వచ్చింది. కాకుల తర్వాత అన్ని ఉండే పిట్టకు ఇంత రక్షణ దేనికి? మా పొలంలో జొన్న పాలకంకి మీద ఉన్నప్పుడు గుంపులు గుంపులుగా దిగితే డబ్బాలు వాయించి తోలేవాళ్లం. (తోలుకోవచ్చు, పట్టుకోకూడదు.) ఇదే ప్రశ్న ఆ బెంచీ మీద నా పక్కన కూర్చున్న అటవీ శాఖ బీట్ ఆఫీసర్ని అడిగితే, ఆయన ఎదురు ప్రశ్న వేశాడు: "మీ తమ్ముడు కొన్నవాటిలో ఎన్ని బతికాయి?" రెంటిలో ఒకటి. అది మా ఇంటికి వచ్చాక లెక్క. తొర్రలోంచి తీసేటప్పుడూ బుట్టలోనూ పోయినవి ఎవరి లెక్కలోకీ రావు. పైగా చిలుక తన గూడు తాను కట్టుకోలేదు. ముసలి చెట్టుకు తొర్ర ఉండాలి. పిల్లల కోసం ఆ తొర్రను గొడ్డలితో వెడల్పు చేస్తే మరుసటి ఏడు ఆ తొర్ర ఏ జంటకూ పనికిరాదు. భుజం మీద ముదురు ఎరుపు మచ్చ ఉండే పెద్ద చిలుక ఉంటుంది చూడండి, అలెగ్జాండ్రైన్ అంటారు. మాటలు బాగా వస్తాయని దానికి గిరాకీ ఎక్కువ. అదిప్పుడు ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ) లెక్కలో ప్రమాదపు అంచుకు దగ్గరగా ఉన్న జాతి. ఎరుపు రొమ్ము చిలుకదీ అదే పరిస్థితి. మొత్తం ప్రపంచంలో నాలుగొందల దాకా చిలుక జాతులుంటే, వాటిలో పావు వంతుకు పైగా అంతరించే ముప్పులో ఉన్నాయి. అమెరికాలో కరొలైనా చిలుకలు ఒకప్పుడు పండ్ల తోటల మీద గుంపులుగా పడేవట, రైతులు కాల్చేవాళ్లట. చివరిది 1918లో సిన్సినాటి జూలో చనిపోయింది. ఎక్కువ ఉన్నాయి కదా అన్న ధీమా అక్కడ పనికిరాలేదు.

మీ రెండో ప్రశ్న. దయచేసి తలుపు తీసి వదిలేయకండి. చట్టం సంగతి తెలియగానే మా తమ్ముడు చేసిన పని అదే. ఊరి బయట మామిడితోపుకు తీసుకెళ్లి పంజరం తెరిచాడు. చిట్టి చాలాసేపు బయటికే రాలేదు. వచ్చాక పంజరం పైకెక్కి కూర్చుంది. చేత్తో అదిలిస్తే ఎగిరింది, పది పన్నెండు అడుగులు వెళ్లి ఒక కింది కొమ్మకు తగిలి నేల మీద పడింది. నాలుగేళ్లు రెక్క విప్పని పిట్టకు బలం ఎక్కడిది? నిమిషం గడవకముందే కాకులు దిగాయి. అది పారిపోలేదు, రెక్కలు ఒంటికి బిగించుకుని కాకులకేసి చూస్తూ "ఎవరదీ? ఎవరదీ?" అంటోంది. తమ్ముడు చొక్కా విప్పి దాని మీద వేసి ఎత్తుకొచ్చాడు. తోకలో రెండు ఈకలు పోయాయి, మెడ దగ్గర గాటు పడింది. మనిషిని చూసి భయపడడం తెలియనిది, మేత వెతుక్కోవడం రానిది, దాన్ని వదలడం అంటే చంపడమే. ఇంట్లో ఉన్న జబ్బేదైనా అడవి గుంపుకు అంటించే ప్రమాదం కూడా ఉంది.

మర్నాడు నేనూ తమ్ముడూ అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు వెళ్లాం. ముందు రోజు ఫోన్ చేసి, "మాకు తెలియక పెంచాం, అప్పగిస్తాం" అని చెప్పాను. ఎప్పుడు కొన్నాం, ఎవరి దగ్గర, ఎలా ఉండేవాడు, ఏం పెట్టాం, అన్నీ అడిగి స్టేట్‌మెంట్ రాయించుకున్నారు. అప్పగించినట్టు ఒక కాగితం ఇచ్చారు. మా మీద కేసు పెట్టలేదు. మనంతట మనం వెళ్లడం వేరు, పక్కింటివాళ్లు ఫిర్యాదు చేస్తే వాళ్లు మన గుమ్మంలోకి రావడం వేరు అని ఆ ఆఫీసరే అన్నాడు. అందరికీ ఇలాగే జరుగుతుందని నేను హామీ ఇవ్వలేను. మీ ఇంట్లో ఒకటి కంటే ఎక్కువ ఉన్నా, ఎప్పుడైనా ఎవరికైనా అమ్మి ఉన్నా, ముందు లాయర్‌తో మాట్లాడండి. చిట్టిని వేరే చిలుకలున్న పెద్ద ఎన్‌క్లోజర్లో వేశారు. మళ్లీ అడవిలో వదలడం కుదరకపోవచ్చని అప్పుడే చెప్పారు. అమ్మ రెండు వారాలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ పంజరంలో ఇప్పుడు ఉల్లిపాయలు పోసుకుంటోంది.

ఇక ఆఫ్రికన్ గ్రే. తమ్ముడు నెల తిరక్కుండా దాని ధర కనుక్కోవడం మొదలుపెట్టాడు! "అది విదేశీది కదా, మన చట్టం వర్తించదు" అని అమ్మేవాళ్లు చెప్పే మాట 2022 వరకూ ఏదో ఒక మేరకు నడిచింది. ఇప్పుడు నడవదు. పైన చెప్పిన కొత్త షెడ్యూల్ 4 వచ్చిందే వీటి కోసం. అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారానికి సైటీస్ అనే ఒప్పందం ఉంది. 1975లో అమల్లోకి వచ్చింది, మనం 1976లో చేరాం. ఆ జాబితాలో ఉన్న విదేశీ ప్రాణి మన దగ్గరుంటే నమోదు చేయించాలి. దాని నియమాలు 2024 ఫిబ్రవరి 28న వచ్చాయి. నమోదు కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్లో. అప్పటికే పెంచుతున్నవాళ్లకు ఆరు నెలల గడువిచ్చారు, అది ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు కొంటే 30 రోజుల్లోగా చేయించాలి. అది పిల్లలు పెట్టినా, వేరేవాళ్లకు ఇచ్చినా, చనిపోయినా తెలపాలి. గ్రే మామూలు జాబితాలో కూడా కాదు, 2016లో జొహానెస్‌బర్గ్ సమావేశంలో దాన్ని అతి కఠినమైన మొదటి అనుబంధంలోకి మార్చారు. ఘనా దేశపు అడవుల్లో అది దాదాపు కనుమరుగైంది మరి.

ఇక్కడ ఒక తమాషా ఉంది. సైటీస్ చిలుకలన్నిటినీ జాబితాలో పెట్టి నాలుగింటిని మాత్రం వదిలేసింది. బడ్జరిగర్ (మనం లవ్‌బర్డ్స్ అని పిలిచే చిన్న పిట్టలు ఇవే), కాకటీల్, పీచు రంగు ముఖం ఉండే అసలు లవ్‌బర్డ్, నాలుగోది మన రామచిలుక! అంటే ప్రపంచ ఒప్పందం పట్టించుకోని పిట్టను మన చట్టం పట్టుకుంది. సైటీస్ చూసేది సరిహద్దు దాటే సరుకుని. మన చట్టం చూసేది మన చెట్టు తొర్రలోంచి ఏం పోతోందని. అందుకే అరుదైన గ్రే కాగితాలతో ఇంట్లో ఉండొచ్చు, పెరట్లో జామకాయ కొరికే చిలుక ఉండకూడదు. మొదటి మూడింటికీ ఈ నమోదు బాధ లేదు, మరీ పిట్ట కావాలంటే అవి తెచ్చుకోండి.

గ్రేనే కావాలంటే కాలు చూడండి. ఫారంలో పుట్టిన పిల్లకు పుట్టిన కొద్ది రోజుల్లోనే అతుకు లేని రింగు తొడుగుతారు, పెద్దయ్యాక ఆ రింగు పాదం మీంచి ఎక్కదు. రింగు మీద నంబరు, అమ్మేవాడి రిజిస్ట్రేషన్ కాగితంలోని నంబరు ఒకటే కావాలి. మా తమ్ముడు మాట్లాడిన వ్యక్తి "డబ్బులు వేయండి, పేపర్లు వాట్సాప్‌లో పంపుతా" అన్నాడు. అక్కడితో ఆ బేరం ఆగిపోయింది.

మీ చిలుక విషయానికొస్తే, ముందు మీ డివిజన్ అటవీ ఆఫీసుకు ఫోన్ చేసి సమయం అడగండి. పొద్దున్నే, ఎండ ముదరకముందే బయల్దేరండి. పంజరం మీద పల్చటి నూలు గుడ్డ కప్పండి, లోపల నీళ్ల గిన్నె బదులు ఒక దోసకాయ ముక్క పెట్టండి, దారిలో ఒలికిపోదు. అది రోజూ ఏం తింటుందో, ఏ పేరుకు పలుకుతుందో కాగితం మీద రాసి ఇవ్వండి. మా దగ్గర అక్కడివాళ్లు అడిగిన మొదటి ప్రశ్న అదే.