దిబ్బ మీద సరుగుడు గిడసబారితే తప్పు ఎండదేనా?

ప్రశ్న: రెండేళ్ల కిందట రెండెకరాల్లో సరుగుడు వేశాను. పల్లంలో ఉన్న ఎకరం ఏపుగా ఎదిగింది. ఇసుక దిబ్బ మీది ఎకరం గిడసబారింది, చివర్లు పసుపెక్కాయి. సరుగుడు పైన్ జాతి చెట్టని, ఎండలు ముదిరితే ఎదగదని వాట్సాప్‌లో చూశాను. తీసేయమంటారా?
– ఒక రైతు, వజ్రపుకొత్తూరు మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: తీసేయకండి. ముందు ఆ వాట్సాప్ సంగతి చూద్దాం. సూదిలా ఉండే పుల్లను తెంపి రెండు చేతులతో లాగండి, కణుపు దగ్గర టక్కున ఊడుతుంది. కణుపు చుట్టూ పళ్లలా ఉన్నవే అసలు ఆకులు. మనం ఆకు అనుకునేది సన్నని రెమ్మ. పైన్ సూదికి ఈ కణుపులుండవు. పైన్ కాయలా ఉండే కాయను చూసి చదువుకున్నవాళ్లూ పొరబడతారు గానీ, సరుగుడు పూలు పూసే జాతి. ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా తీరాల చెట్టు. ఇసుక, ఉప్పుగాలి దానికి పుట్టింటివే.

పైన్ తోటల గురించి విన్నది కూడా సగమే నిజం. ఫిన్లాండ్, స్వీడన్ లాంటి చలిదేశాల్లో కాస్త వేడి పెరిగితే చెట్టు ఎదిగే రోజులు పెరుగుతాయి, తడి ఉంటే కలప ఎక్కువే వస్తుంది. నీళ్లు తక్కువున్న చోట అదే వేడి దెబ్బ తీస్తుంది. గాలి పొడిబారితే చెట్టు తన నీరు పోకుండా ఆకు రంధ్రాలు మూసుకుంటుంది. అప్పుడు కార్బన్ డయాక్సైడ్ లోపలికి రాక తిండి తయారీ తగ్గుతుంది. సరుగుడుకూ ఇదే లెక్క. మీ రెండెకరాలకూ కాసే ఎండ ఒకటే కదా, తేడా నేల అడుగున ఉన్న తడిలోనే ఉండాలి.

దిబ్బ మీద ఒకటి, పల్లంలో ఒకటి మోకాలి లోతు గోతులు తీసి, అడుగు ఇసుకను పిడికిట నొక్కండి. ముద్ద కట్టకుండా జారిపోతే తడి లేనట్టే. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా 10–15 రోజులకో తడి ఇవ్వండి. అదే గోతిలో వేర్లూ చూడండి. గుత్తులుగా బుడిపెలుంటే యూరియా జోలికి పోవద్దు, వాటిలోని ఫ్రాంకియా అనే సూక్ష్మజీవే గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు ఇస్తుంది.

ఎంత ఎడంలో నాటారో రాయలేదు. మీటరుకొకటి చొప్పున అయితే ఎకరాకు 4 వేల మొక్కలు, దిబ్బ మీది తడి అన్నింటికీ చాలదు. బక్కచిక్కినవి ఏరేయండి. బెరడు మీద బొబ్బలు లేచి, లోపల నల్లపొడి కనిపిస్తే ఆ చెట్టును తీసి తగలబెట్టండి.

నిజం చెప్పాలంటే నాకు టెన్షన్ మీ పల్లం ఎకరం గురించే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి ఏమయ్యాయో మీకు నేను చెప్పక్కర్లేదు. పొడుగ్గా ఎదిగిన తోటకే గాలి దెబ్బ ఎక్కువ. వచ్చే ఏడాదికి కర్ర అమ్మకానికి వస్తే సెప్టెంబరులోపే కొట్టించండి. ఇంకో ఆర్నెల్లాగితే బరువు పెరుగుతుందని దళారి చెప్పినా సరే.