టెడ్డీ చేతికి రోజంతా కట్లు కడుతున్నాడు

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్ళు. ఏడు వారాల క్రితం ఇంట్లో పరుగెత్తుకుంటూ వచ్చి నన్ను గుద్దుకున్నాడు, నా చేతిలో ఉన్న మరిగే నీళ్ళు వాడి కుడిచెయ్యి మీద, ఛాతీ మీద పడ్డాయి. పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం, ఆ తర్వాత రెండు వారాలు డ్రెస్సింగులు. గాయం మానింది. వాడే మారిపోయాడు. స్నానం అంటే కేకలు. రాత్రి మూడుసార్లు లేచి ఏడుస్తాడు, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైంది. టెడ్డీ చేతికి రుమాలు చుట్టి, ‘ఏడవకు, అయిపోయింది, అయిపోయింది’ అంటూ రోజుకు పదిసార్లు అదే ఆట. ఆ సంగతి ఎత్తకండి, వాడే మర్చిపోతాడని మా అత్తగారు అంటారు. గారాబం ఎక్కువై చేస్తున్నాడని మా ఆయన అంటారు. నాకూ నిద్ర ఉండటం లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ ఉత్తరం చదివినప్పటి నుంచి ఆ రుమాలే నా బుర్రలో తిరుగుతోంది. ‘ఏడవకు, అయిపోయింది’ అన్న మాట వాడు సొంతంగా కల్పించుకున్నది కాదేమో, డ్రెస్సింగ్ మార్చేటప్పుడు ఎవరో ఒకరు, బహుశా మీరే, వాడి తల నిమురుతూ అన్న మాట అయ్యుంటుంది. అప్పటికి అయిపోలేదు కదా, ఇంకా సగం కట్టు విప్పాలి. అందరం అనే మాటే, తప్పుపట్టడం లేదు. కానీ నొప్పి కలిగే చికిత్సల సమయంలో పిల్లల్ని గమనించిన పరిశోధకులు పదే పదే చూసింది ఏమిటంటే, ‘ఏం కాదు ఏం కాదు’ అని ఊరడిస్తున్నప్పుడు పిల్లల భయం తరచుగా పెరుగుతుంది, బుడగలు ఊదించడం, కథ చెప్పడం, లెక్కపెట్టించడం లాంటివాటితో మనసు మళ్ళిస్తే తగ్గుతుంది. ఏమీ కాకపోతే అమ్మ గొంతు అలా ఎందుకు వణుకుతోంది అని వాడు లెక్కేసుకుంటాడు, అంతే.

ఇక ఆ ఆట. ఇది మీ ఒక్క ఇంట్లో విషయం కాదు. 1976లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని చౌచిల్లా అనే ఊళ్ళో 26 మంది పిల్లలున్న స్కూల్ బస్సును దుండగులు ఎత్తుకుపోయి, పిల్లల్నీ డ్రైవర్‌నీ భూమిలో పాతిపెట్టిన ఒక పాత ట్రక్కులో బంధించారు. వాళ్ళంతట వాళ్ళే దారి చేసుకుని ప్రాణాలతో బయటపడ్డారు. తర్వాత ఆ పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించిన మానసిక వైద్యురాలు లెనోర్ టెర్, వాళ్ళ ఆటల్లో ఒక తేడా కనిపెట్టారు: జరిగినదాన్నే మార్పు లేకుండా, సరదా అన్నది లేకుండా మళ్ళీ మళ్ళీ ఆడటం. మామూలు ఆటకు ఒక ముగింపు ఉంటుంది, పిల్లలు ఆడి అలసిపోయి ఇంకోదానికి మారతారు. ఇది అలా కాదు, గీత పడిన సీడీలా ఒకేచోట తిరుగుతుంది. మీరు రాసిన ఆటలో కూడా కట్టు కట్టడమే ఉంది, విప్పడం ఎక్కడా లేదు, చూశారా?

ఆ ఆట మాన్పించకండి. పక్కన కింద కూర్చోండి, ఫోన్ దూరంగా పెట్టి. మొదట రెండు మూడు రోజులు ఊరికే చూడండి, వాడు ఏ పని ఇస్తే అది చెయ్యండి, టెడ్డీని పట్టుకోమంటే పట్టుకోండి. తర్వాత ఒక రోజు, ‘టెడ్డీకి నొప్పి పుట్టిందా? అప్పుడు వాళ్ళమ్మ ఎక్కడుంది?’ లాంటి చిన్న ప్రశ్న ఒకటి. ఇంకో రోజు, ‘డాక్టర్ గారూ, ఈ కట్టు ఎప్పుడు విప్పుతారు?’ వాడు విప్పితే మంచిదే. విప్పకుండా కోపం తెచ్చుకుంటే వదిలెయ్యండి, ఇంకా సమయం కాలేదన్నమాట. మొహం పాలిపోయి, పిలిచినా పలక్కుండా బిగుసుకుపోతే మాత్రం ఆ ఆటలోంచి మెల్లగా బయటికి తీసుకురండి, దాన్ని డాక్టర్ సమక్షంలోనే చూడాలి.

మీ అత్తగారి మాటకు వద్దాం. ఆవిడ ప్రేమతోనే అన్నారు, అనుమానం లేదు. కానీ మర్చిపోవాలంటే ముందు అర్థం కావాలి కదా. నాలుగేళ్ళ పిల్లలకు ప్రమాదం అనే ఊహే సరిగ్గా అందదు; ఏదైనా చెడు జరిగితే ఎవరో కావాలని చేశారనో, తను తప్పు చేసినందుకు పడిన శిక్ష అనో అనుకునే వయసది. మీవాడు పరుగెత్తుకొచ్చాడు. ‘పరుగెత్తకు’ అని అంతకుముందు ఎన్నిసార్లు అనుంటారో మీకే తెలియాలి (ఆ వయసు పిల్లలున్న ప్రతి ఇంట్లో రోజుకు యాభైసార్లు అనే మాటే). పైగా ఇంట్లో ఎవరూ ఆ రోజు గురించి నోరెత్తడం లేదు. అందరూ ఇంతగా దాస్తున్నారంటే నేను చేసింది చాలా పెద్ద తప్పన్నమాట అని ఆ చిన్న బుర్ర తేల్చుకుని ఉంటే మనం ఆశ్చర్యపోనక్కర్లేదు.

కాబట్టి చెప్పండి. పెద్ద ఉపన్యాసం వద్దు, ఓ అయిదు వాక్యాలు చాలు: ‘ఆ రోజు అమ్మ చేతిలో వేడినీళ్ళున్నాయి. నువ్వు పరుగెత్తుకొచ్చావు, అమ్మ చూసుకోలేదు, నీళ్ళు ఒలికిపోయాయి. నీకు చాలా నొప్పి పుట్టింది, అమ్మకి భయమేసింది. అది నీ తప్పు కాదు, ఎవరూ కావాలని చెయ్యలేదు. ఇప్పుడు నీ చెయ్యి మానింది, చూడు.’ పగటిపూట, వాడు హాయిగా ఉన్నప్పుడు చెప్పండి, పడుకునే ముందు వద్దు. చెప్పేటప్పుడు మీకు కన్నీళ్ళొస్తే రానివ్వండి, ఏం మునిగిపోదు, వెక్కి వెక్కి ఏడ్చే స్థితిలో ఉంటే మాత్రం ఆ రోజుకు వాయిదా వెయ్యండి. అదే ప్రశ్న వాడు ఇరవైసార్లు అడిగితే ఇరవైసార్లూ అదే జవాబు. మీ అత్తగారి చేత కూడా ఇదే కథ, ఇవే మాటల్లో చెప్పించండి. ఇంటికొక వెర్షన్ ఉంటే చాలు, మనిషికొకటి వద్దు.

మీ ఆయనకు ఒక్క మాట. పక్క తడపడం గారాబం కాదండీ. వచ్చేసిన అలవాటు భయం వల్ల వెనక్కి పోవడం చిన్న పిల్లల్లో మామూలే, తిట్టినా సిగ్గుపరిచినా ఇంకా ఆలస్యమవుతుంది. దుప్పటి మార్చి, ఏమీ అనకుండా పడుకోబెట్టండి, సరిపోతుంది. మూత్రం పోసేటప్పుడు మంట ఉన్నా, పదే పదే వెళ్తున్నా పిల్లల డాక్టర్‌కి చెప్పండి, అన్నిటినీ మనసు మీదికే తోసెయ్యకూడదు. అయితే ఆయన మాటలో ఒక పాయింటు ఉంది: దెబ్బ తగిలిందని జాలిపడి నిద్ర వేళ, తిండి వేళ, కొట్టకూడదన్న నియమం, అన్నీ గాలికొదిలేస్తే పిల్లాడికి మరీ అయోమయంగా ఉంటుంది. నిన్నటిలాగే ఇవాళ కూడా ఉంటుందన్న నమ్మకమే వాడికిప్పుడు కావలసింది.

స్నానం విషయంలో బలవంతం వద్దు, పూర్తిగా తప్పించడం కూడా వద్దు. ఒక వారం తడిబట్టతో తుడవండి. తర్వాత చల్లారిన నీళ్ళ గిన్నెలో టెడ్డీకి స్నానం వాడి చేతే చేయించండి. ఆ తర్వాత వాడి వేళ్ళు, ఆ తర్వాత పాదాలు. ప్రతిసారీ నీళ్ళు ముందు మీరు చెయ్యి పెట్టి చూడాలి, తర్వాత వాడు చూడాలి, సరే అన్నాకే ముందుకు. ‘చాలు’ అంటే ఆపెయ్యాలి, ఆ మాటకు విలువుందని వాడికి తెలియాలి. మచ్చకు మసాజ్, మచ్చ ఉబ్బకుండా వేసే బిగుతు బట్టలు, చెకప్‌లు ఇంకా మిగిలి ఉంటే వాటికీ ఇదే పద్ధతి: ఏం జరుగుతుందో కాసేపు ముందే నిజం చెప్పడం, బల్ల మీద పడుకోబెట్టి అదిమిపట్టే బదులు మీ ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చా అని, నొప్పి మందు ఎంత ముందు ఇవ్వాలి అని సిబ్బందిని అడగడం. అడిగితే విసుక్కుంటారేమో అని మొహమాటపడకండి.

రాత్రి లేచినప్పుడు మిమ్మల్ని గుర్తుపట్టి అంటిపెట్టుకుంటే అది పీడకల, దగ్గరికి తీసుకోండి. పడుకున్న ఒకటి రెండు గంటలకే కళ్ళు తెరిచి అరుస్తూ, మిమ్మల్ని గుర్తుపట్టకుండా తోసేస్తుంటే అది వేరు, అప్పుడు లేపకండి, పడిపోకుండా చూసుకుంటే తనే సద్దుకుంటాడు, పొద్దున్నకి గుర్తు కూడా ఉండదు.

ఇవన్నీ ఇంట్లో చెయ్యగలిగినవి. కానీ మీరు పిల్లల మానసిక నిపుణుల దగ్గరికి వెళ్ళాలని నా అభిప్రాయం, ఎందుకంటే ఏడు వారాలైంది. దెబ్బ తగిలిన మొదటి నెలలో ఈ లక్షణాలు చాలామంది పిల్లల్లో కనిపిస్తాయి, ఎక్కువమందికి వాటంతటవే తగ్గిపోతాయి. నెల దాటినా తగ్గకుండా స్నానాన్నీ నిద్రనీ పాడుచేస్తుంటే పీటీఎస్‌డీ (భయంకరమైన ఘటన అయిపోయాక కూడా ఆ భయం మనసును వదలకుండా వేధించే సమస్య) ఉందేమో చూపించాలి. అలాంటి ఘటనలకు లోనైన పిల్లల్లో దాదాపు 16 శాతం మందికి అది వస్తుందని 2014లో 43 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో తేలింది. ఇంత చిన్నపిల్లలకు వస్తుందా అనకండి. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 అనే వైద్య ప్రమాణ గ్రంథంలో ఆరేళ్ళు, అంతకన్నా తక్కువ వయసు పిల్లలకు విడిగా లక్షణాలు ఇచ్చారు, జ్ఞాపకం ఆట రూపంలో బయటపడటం అందులో ఒకటి, ఆడేటప్పుడు పిల్లలు బాధపడుతున్నట్టు కనిపించకపోవచ్చని కూడా అందులోనే ఉంది. చికిత్స అనగానే మాత్రలు అని భయపడొద్దు. ఈ వయసులో ముందు చేసేది ఆటలు, బొమ్మలతో నడిచే థెరపీ, మీరూ పక్కన ఉంటారు. వెళ్ళినప్పుడు రుమాలు ఆట సంగతి తప్పకుండా చెప్పండి, వాడి టెడ్డీని వెంట తీసుకెళ్ళండి.

మీకు నిద్ర లేదని చివర్లో ఒక్క లైన్ రాసి వదిలేశారు. ఆ నీళ్ళు ఉన్నది మీ చేతిలో, కాబట్టి రాత్రిళ్ళు మీకేం కనిపిస్తూ ఉంటుందో ఊహించగలను. తల్లిదండ్రులు కుంగిపోయి ఉంటే చిన్నపిల్లలు తేరుకోవడం ఆలస్యమవుతుంది, ఇది మిమ్మల్ని ఇంకా కుంగదీయడానికి చెప్పడం లేదు, మీకూ సాయం కావాలని చెప్తున్నాను. బాబుకి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే మీ పేరున కూడా ఒకటి తీసుకోండి. అది ఏ రోజుకి దొరికిందో మీ ఆయనకి చెప్పండి, ఆ పూట బాబుని ఆయన చూసుకోవాలి.