ఛాప్టర్ 7 వేస్తే ఐఆర్ఎస్ బాకీ మొత్తం పోతుందా?

డల్లాస్‌లో రెస్టారెంట్ మూసేశాను, ఐఆర్ఎస్‌కి (అమెరికా పన్నుల శాఖకి) చాలా బాకీ ఉంది, ఛాప్టర్ 7 కింద, అంటే అప్పులు రద్దు చేయమని కోర్టులో దివాలా పిటిషన్ వేస్తే అంతా పోతుందా అని అడిగారు. అంతా పోదండీ.

మా ఆయన కూడా ఆ వైపే రెస్టారెంట్ నడిపి మూసేశారు. రిటర్న్‌లు ఇద్దరం కలిపి వేసినవే కాబట్టి ఛాప్టర్ 7 కూడా ఇద్దరం కలిసే వేశాం. ఒక్కరే వేస్తే ఆ బాకీ రెండోవాళ్ల మీద అలాగే ఉంటుంది. పిటిషన్ వేయగానే బ్యాంకు ఖాతా జప్తు ఆగింది, ఆ రాత్రి నిద్రపట్టింది. క్రెడిట్ కార్డుల బాకీలు, పాత ఆదాయపు పన్ను రద్దయ్యాయి. పనివాళ్ల జీతాల్లోంచి పట్టుకున్న పన్ను మాత్రం రద్దు కాలేదు. అది వాళ్ల సొమ్ము, ప్రభుత్వానికి చేర్చమని మన చేతిలో ఉంచింది. ఎన్నేళ్లయినా దివాలాలో పోదు, కంపెనీ మూసేసినా దాన్ని నడిపినవాళ్ల మెడకే చుట్టుకుంటుంది. మేమింకా నెలనెలా కడుతూనే ఉన్నాం.

ఆదాయపు పన్నుకి తేదీలే ముఖ్యం. అది రద్దవ్వాలంటే పిటిషన్ వేసేనాటికి రిటర్న్ గడువు దాటి మూడేళ్లు, మీరు రిటర్న్ వేసి రెండేళ్లు, ఐఆర్ఎస్ పన్ను ఖరారు చేసి 240 రోజులు గడవాలి. ఉదాహరణకి 2022 పన్నుకి ఎక్స్‌టెన్షన్ (రిటర్న్ వేయడానికి అదనపు గడువు) తీసుకుని ఉంటే 2026 అక్టోబర్ 16 దాటాలి. దొంగ లెక్కలు చూపిన ఏడాదికి ఇవేవీ వర్తించవు. టెక్సాస్‌లో ఇంకో పెద్ద చిక్కుంది: అక్కడి ఫెడరల్ అప్పీల్ కోర్టు 2012లో ఇచ్చిన తీర్పు ప్రకారం, గడువు దాటి ఒక్కరోజు ఆలస్యంగా వేసిన రిటర్న్ తాలూకు పన్ను కూడా రద్దు కాదు. ఐఆర్ఎస్ ముందే లీన్ (బాకీ కింద మీ ఆస్తి మీద హక్కు) నమోదు చేసి ఉంటే, బాకీ పోయినా అప్పటికున్న ఆస్తి మీద ఆ హక్కు పోదు.

మనవాళ్లకి అసలు టెన్షన్ ఇండియా ఆస్తులతోనే. హైదరాబాద్‌లో ప్లాట్, ఊళ్లో మీ పేరున ఉన్న పొలం, అన్నీ చూపించాలి. మమ్మల్ని ట్రస్టీ (దివాలా కేసులో ఆస్తుల లెక్క చూసే వ్యక్తి) ప్రమాణం చేయించి మరీ అడిగారు. దాస్తే ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. ముందే తమ్ముడి పేరుకి మార్చేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, దయచేసి వినకండి. రెండేళ్ల వెనకటి బదిలీలు కూడా తిరగదోడతారు.

దివాలా తీసిన సంగతి క్రెడిట్ రిపోర్టులో పదేళ్లు ఉంటుంది. ఇల్లు అద్దెకి తీసుకునేటప్పుడు మాకు అదే అడ్డొచ్చింది.

లాయర్ దగ్గరికి వెళ్లేముందు ఐఆర్ఎస్ వెబ్‌సైట్‌లో ఏడాదివారీగా అకౌంట్ ట్రాన్‌స్క్రిప్ట్‌లు (మీ పన్ను ఖాతా వివరాల పత్రాలు) తీసుకోండి, ఉచితమే. రిటర్న్ అందిన తేదీ, పన్ను ఖరారైన తేదీ రెండూ అందులో ఉంటాయి.