గోడ అవతలి మనిషి రాడార్‌లో కనిపిస్తాడా?

గోడ అవతల ఉన్న మనిషిని రాడార్ చూపిస్తుందా, అలా మన ఇంట్లోకి ఎవరైనా తొంగి చూడొచ్చా అని అడిగారు. మామూలుగా మనిషి కనిపించడు, లోపల ఉన్నాడని తెలుస్తుంది. సినిమాల్లో చూపించే ఆకారాలు మనసులోంచి తీసేయండి.

కూలిన భవనాల కింద చిక్కుకున్నవాళ్లని వెతికే శిక్షణకి ఒకసారి వెళ్లాను. కాంక్రీట్ పలకల కింద ఒకతన్ని పడుకోబెట్టి, పైన పెట్టెలాంటి రాడార్ పెట్టారు. తెర మీద ఒక గీత, పక్కన దూరం చెప్పే అంకె, అంతే. గీత మెల్లగా లేస్తోంది, పడుతోంది. అది అతని ఊపిరి! ఊపిరికి ఛాతీ కదిలేది కొన్ని మిల్లీమీటర్లే. గుండె చప్పుడుకైతే మిల్లీమీటరు కూడా ఉండదు. నాకు ఒళ్లు జలదరించింది.

అంతలో గీత పిచ్చెత్తినట్టు ఊగింది. వెనక నలుగురు వీడియోలు తీస్తూ అటూ ఇటూ తిరుగుతున్నారు. శిథిలాల కింద ఊపిరి ఎంత, వీళ్ల అడుగులెంత! శిక్షకుడు అందర్నీ వెనక్కి పంపి, కదలొద్దని కసిరాకే గీత దారికొచ్చింది. అప్పట్నుంచీ ప్రమాదం జరిగిన చోట గుంపుని చూస్తే నాకు కడుపు మండుతుంది. సాయం చేయకపోతే మానె, దూరంగా కదలకుండా నిలబడండి. లోపలివాడి ఊపిరిని మీ అడుగులతో చెరిపేయకండి.

ఈ పరికరం ఉత్త కబుర్లు కాదు. 2015లో నేపాల్ భూకంపం వచ్చినప్పుడు చౌతారాలో శిథిలాల కింద ఉన్న నలుగురిని నాసా వాళ్ల ఫైండర్ అనే రాడార్ గుండె చప్పుడుని బట్టే పట్టుకుంది. అలాగని అన్నీ దాటదు. ఇనుప రేకు అడ్డమొస్తే రాడార్ పంపే రేడియో తరంగాలు వెనక్కి తిరుగుతాయి, తడిసిన గోడ వాటిని మింగేస్తుంది. పక్కన ఫ్యాన్ తిరుగుతున్నా తికమకే.

ఇక మీ భయం సంగతి. అది న్యాయమైనదే. బొమ్మ రాకపోయినా ఇంట్లో మనిషి ఉన్నాడా లేడా, ఎంత దూరంలో ఉన్నాడు అన్నది తెలిసిపోవడం చిన్న విషయమేం కాదు. వీధిలోంచి ఇంటి వేడిని కెమెరాతో కొలవడం కూడా సోదా కిందికే వస్తుందని, దానికి వారంట్ కావాలని 2001లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. రాడార్‌కీ అదే కట్టడి ఉండాలి. ప్రాణం కాపాడే చోట తప్ప కోర్టు అనుమతి లేకుండా ఎవరి గోడ మీదా పెట్టకూడదు.

ఆ రోజు పలకల కింది నుంచి బయటికొచ్చినతను మొదట అడిగిందేంటో తెలుసా? "దుమ్ముకి దగ్గొస్తుంటే ఆపుకోడానికి కాసేపు ఊపిరి బిగబట్టాను, అది మీకు తెలిసిందా?" అని. తెలిసింది. అంతసేపూ గీత చదునుగా ఉండిపోయింది.