అల్లం కుండీలో దుంపకుళ్లు: మిగతా మొక్కలు దక్కాలంటే

ప్రశ్న: మా మిద్దె తోటలో ఆరు కుండీల్లో అల్లం, నాలుగు గ్రో బ్యాగుల్లో పసుపు పెట్టాను. అల్లం జూన్‌లో కూరగాయల బజారు నుంచి తెచ్చిన వంట అల్లమే. ఆగస్టు చివరి దాకా ముచ్చటగా పెరిగింది. ఈ నెల వానల తర్వాత రెండు కుండీల్లో ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. పిలక పట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చింది. అడుగున దుంప మెత్తబడి దుర్వాసన వస్తోంది, లోపల తెల్లటి పురుగులు కూడా ఉన్నాయి. మిగతా నాలుగు దక్కుతాయా? పసుపు మొక్కల ఆకుల మీదా మచ్చలు వస్తున్నాయి. పోయినేడు కిరాణా కొట్టు పసుపు కొమ్ములు నాటితే ఒక్కటీ మొలవలేదు, ఎందుకని? పంట చేతికొస్తే పసుపు ఇంట్లోనే చేసుకోవచ్చా?
– ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: మీరు రాసిన లక్షణాలన్నీ దుంపకుళ్లు తెగులువే. ఆ రెండు కుండీలు ఇక దక్కవమ్మా. వాటి మీద మందు, డబ్బు, ఆశ ఏదీ పెట్టకండి. మిగతా నాలుగింటిని కాపాడుకోవడానికి మాత్రం ఇంకా సమయం ఉంది.

ఈ తెగులు పిథియం అనే శిలీంద్రం వల్ల వస్తుంది. దాని బీజాలు నీటిలో ఈదుతూ ఒక దుంప నుంచి ఇంకో దుంపకు చేరతాయి. అందుకే మట్టిలో నీరు నిలిచిందంటే రెండు మూడు రోజుల్లోనే పరిస్థితి చేయి దాటిపోతుంది. ముందు కింది ఆకుల కొసలు పసుపు రంగుకు తిరుగుతాయి. ఆ రంగు అంచుల వెంట పాకుతుంది. కాండం మొదలు నీరు పట్టినట్టు మెత్తబడుతుంది. పురుగుల సంగతి అడిగారు కదా, అవి దుంప ఈగ పిల్లలు. చాలాసార్లు కుళ్లిన దుంపను వెతుక్కుంటూ వచ్చేవే తప్ప కుళ్లును మొదలుపెట్టినవి కావు. పురుగు మందు పోస్తే కుళ్లు ఆగదు.

ఒక చిన్న పరీక్ష ఇంట్లోనే చేయండి. జబ్బు పడిన పిలకను మొదలు దగ్గర అడ్డంగా కోసి, రెండంగుళాల ముక్కను గాజు గ్లాసులోని తేట నీటిలో కోసిన వైపు మునిగేలా పట్టుకోండి. కొద్ది నిమిషాల్లో పాల దారాల్లాగా తెల్లటి ద్రవం కిందికి దిగితే అది దుంపకుళ్లు కాదు, బాక్టీరియా ఎండు తెగులు. అలా అయితే ఏ మందూ పనిచేయదు. మట్టితో సహా తీసేయాలి. ఆ మట్టిలో టమాటా, వంగ, మిరప కూడా పెట్టకూడదు, ఎందుకంటే ఆ రకం బాక్టీరియా వాటినీ ఎండబెడుతుంది. దారాలు దిగకపోతే మాత్రం పిథియం అనుకుని ముందుకు వెళ్లండి.

ఈ రోజే చేయాల్సిన పని: చెడిన రెండు కుండీలను మిగతావాటికి దూరంగా జరపండి, వాటి నుంచి కారిన నీరు పక్క కుండీల్లోకి పోకూడదు. దుంపలు, ఆకులు కంపోస్టు గుంటలో వేయకుండా చెత్త బండికి ఇచ్చేయండి. ఆ తర్వాత మంచి కుండీల అడుగు చూడండి. కింద పెట్టిన పళ్లాలు తీసేయండి. రంధ్రాలు వేర్లతో, కొబ్బరి పీచుతో మూసుకుపోయి ఉంటే పుల్లతో తెరవండి, కుండీని రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టండి. మిద్దె తోటల్లో నేను చూసే అల్లం నష్టాల్లో ఎక్కువ భాగం ఈ పళ్లాల దగ్గరే మొదలవుతుంది. వేసవిలో తేమ కోసం పెడతారు, వానాకాలంలో తీయడం మరిచిపోతారు.

మందు వాడదలిస్తే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాములు కలిపి, మిగిలిన నాలుగు కుండీల్లో మట్టి బాగా తడిసేలా మొదళ్ల దగ్గర పోయండి. పోసిన తర్వాత ఆ అల్లాన్ని వంటకు వెంటనే తవ్వకండి, జనవరిలో ఆకులు ఎండే దాకా అలాగే ఉంచండి. తెగులు శిలీంద్రాన్ని అణిచే మేలైన శిలీంద్రం ట్రైకోడెర్మా వేయాలనుకుంటే మందు పోసిన 15 రోజుల తర్వాతే వేయండి, లేకపోతే మంచి శిలీంద్రమూ చచ్చిపోతుంది. ఇంటి పంటకు రసాయనం వద్దనుకుంటే, అనుమానంగా ఉన్న కుండీని మందు పోయకముందే తవ్వేసుకోవడం మేలు. మూడున్నర నెలల అల్లం చిన్నదే, కానీ పీచు లేకుండా లేతగా ఉంటుంది, పచ్చడికి భేషుగ్గా ఉంటుంది. కుళ్లే దాకా చూస్తూ ఉండటం కన్నా అదే నయం.

ఇక అసలు మాటకొస్తాను. మీ అల్లం సెప్టెంబరు వానలకు జబ్బు పడింది, కానీ జబ్బు జూన్‌లోనే విత్తనంతో పాటు వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. అల్లానికి గింజ కట్టదు. దుంపే విత్తనం, దుంపలోని తెగులే వచ్చే ఏడాది తెగులు. బజారు అల్లం చాలావరకు కూర కోసం ముదరకముందే తవ్వి, కడిగి పంపినది. అందులో విత్తనపు బలం ఉండదు, ఏ పొలం నుంచి వచ్చిందో తెలియదు. ఎకరాకు 6 నుంచి 8 క్వింటాళ్ల దుంప నాటే జహీరాబాద్ రైతు విత్తనం దగ్గర తప్పు చేస్తే పెట్టుబడే మునుగుతుంది. మీకు పోయేది రెండు కుండీలే అయినా జాగ్రత్త మాత్రం అదే.

వచ్చే ఏడాదికి ఇలా చేయండి. ఈసారి మిగిలిన కుండీల్లో తెగులు అసలు తాకనిదానికి ఇప్పుడే గుర్తు కట్టి, ఎనిమిది నెలలు నిండాక తవ్వండి. ఆ దుంపలను నీడలో, పొడి ఇసుకలో మే దాకా దాచండి. నాటే ముందు 25 నుంచి 30 గ్రాముల ముక్కలుగా, ఒక్కోదానికి రెండు కళ్లైనా ఉండేలా విరిచి, లీటరుకు 3 గ్రాముల మాంకోజెబ్ అనే తెగులు మందు కలిపిన నీటిలో అరగంట ముంచి నీడలో ఆరబెట్టండి. రోహిణి కార్తె నాటికి కన్ను పైకి ఉండేలా రెండంగుళాల లోతున పెట్టండి. కుండీ లోతు అడుగు చాలు, వెడల్పే ముఖ్యం, దుంప పక్కలకు పాకుతుంది కదా. మట్టికి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక, పైన రెండు గుప్పెళ్ల వేపపిండి సరిపోతాయి. కోకోపిట్ (కొబ్బరి పొట్టు) ఎక్కువ వేయకండి, వానాకాలంలో అది నీటిని వదలదు. పైన ఎండుటాకులు కప్పి, దుంప బయటపడినప్పుడల్లా మట్టి ఎగదోయండి. మధ్యాహ్నపు ఎండ తగలని చోటైతే అల్లానికి ఇంకా ఇష్టం.

తెగులు వచ్చిన కుండీల మట్టిని పారేయక్కర్లేదు, పరీక్షలో పాల దారాలు రానట్టయితేనే సుమా. ఏప్రిల్‌లో తడిపి, పారదర్శక ప్లాస్టిక్ కవరులో గాలి చొరకుండా కట్టి, మిద్దె మీద ఎండలో ఆరు వారాలు ఉంచండి. అయినా ఆ మట్టిలో ఒక ఏడాది ఆకుకూరలు వేసుకోండి, అల్లం, పసుపు వద్దు.

పసుపు మొక్కల ఆకుల మీది మచ్చలు మధ్యలో బూడిద రంగు, చుట్టూ గోధుమ అంచు, దాని బయట పసుపు వలయంతో ఉంటే ఆకుమచ్చ తెగులు. ఆ ఆకులను కోసి తీసేయండి. ఎక్కువైతే మాంకోజెబ్ లీటరుకు 2.5 గ్రాములు కలిపి పిచికారీ చేయండి. డిసెంబరు, జనవరిలో ఆకులన్నీ ఎండటం మాత్రం జబ్బు కాదు, పంట ముదిరిన గుర్తు. అప్పుడు కంగారుపడి నీళ్లు ఎక్కువ పోస్తే ఆఖరి నెలలో దుంప చెడిపోతుంది.

కిరాణా కొట్టు కొమ్ములు మొలవకపోవడంలో మీ తప్పేమీ లేదు. అవి ఉడికించి ఎండబెట్టినవి, వాటిలో ప్రాణం ఉండదు. పచ్చి విత్తనం దుగ్గిరాల వైపు పసుపు రైతుల దగ్గర, తవ్వకాల కాలంలో అడిగి తెచ్చుకోండి. కుండీలకు ఆరు నెలల్లోనే చేతికొచ్చే ప్రగతి లాంటి రకం దొరికితే మరీ మంచిది.

పసుపు ఇంట్లో తప్పకుండా చేసుకోవచ్చు. తవ్విన రెండు మూడు రోజుల్లోనే ఉడికించాలి. తల్లి దుంపలను, కొమ్ములను వేరు చేయండి, తల్లి దుంపలకు ఎక్కువ సమయం పడుతుంది. మునిగేంత నీటిలో నురగ, ఘాటైన వాసన వచ్చి, పుల్ల గుచ్చితే సులువుగా దిగే దాకా ఉంచండి, సుమారు 45 నిమిషాల నుంచి గంట. తర్వాత ఎండలో 10 నుంచి 15 రోజులు. రాత్రిపూట కుప్ప చేసి మంచు తగలకుండా కప్పండి. ఐదు కిలోల పచ్చి పసుపుకు సుమారు ఒక కిలో ఎండు పసుపు వస్తుంది. కొమ్మును విరిస్తే టక్కుమని విరగాలి. వంగిందంటే ఇంకో రెండు రోజులు ఎండబెట్టి, ఆ తర్వాతే మరకు పట్టించండి.