గంజాయి నూనె గురించి రోగికి చెబితే నర్సు మీద కేసవుతుందా?

ప్రశ్న: నేను తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పదకొండేళ్లుగా స్టాఫ్ నర్సుని. ఇప్పుడు న్యూరాలజీ వార్డులో చేస్తున్నాను. మూర్ఛ ఉన్న పిల్లల తల్లులు గంజాయి నూనె గురించి తరచూ అడుగుతున్నారు. పోయిన నెల పుత్తూరు వైపు నుంచి వచ్చిన ఒకామె లేబుల్ లేని చిన్న సీసా నా చేతిలో పెట్టి, ‘ఇది పనిచేస్తాదంట సిస్టర్, యూట్యూబ్‌లో చూసినా, ఎన్ని చుక్కలు వెయ్యాలో చెప్పు’ అంది. నేను తీసుకుని పక్కన పెట్టాను. డిశ్చార్జ్ రోజున మందుల గురించి వివరించే పని మాదే. ఈ విషయం మాట్లాడితే కేసవుతుందని సీనియర్ ఒకరు భయపెట్టారు. మాట్లాడకపోతే వాళ్లు మాకు చెప్పకుండానే వాడేస్తున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మాట్లాడండి. చుక్కల లెక్క మాత్రం చెప్పకండి.

మీ సీనియర్ భయపడుతున్నది 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందుల చట్టం గురించి. ఆ చట్టం కింద మీరు రోజూ పనిచేస్తూనే ఉన్నారు. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ ఇచ్చి రిజిస్టర్లో సంతకం పెట్టేదీ దాని కిందే. వైద్యం కోసం, పరిశోధన కోసం, నిబంధనల ప్రకారం వాడుకోవడానికి సెక్షన్ 8లోనే దారి ఉంది. మార్ఫిన్‌లాంటి మందులు నొప్పితో ఉన్నవాళ్లకు సులువుగా అందాలని 2014లో చట్టాన్ని సవరించారు కూడా. గంజాయికి మాత్రం అలా వార్డు దాకా వేసిన దారి లేదు. చిక్కంతా అక్కడే.

ఈ చట్టం దృష్టిలో మొక్క అంతా గంజాయి కాదు. పూత, కాయ పట్టిన కొమ్మ చివర్లు గంజాయి. మొక్క నుంచి తీసిన బంక చరస్. ఆకులు, గింజలు విడిగా ఉంటే గంజాయి నిర్వచనంలోకి రావు. భంగు ఆకుతో చేసిన మందులు ‘విజయ’ పేరుతో ఆయుర్వేదంలో లైసెన్సు మీద అమ్ముడవుతున్నది అందుకే. 1945 డ్రగ్స్ రూల్స్‌లో ఆయుర్వేద విషద్రవ్యాల పట్టిక ఒకటుంది, భంగు అందులో ఉంది. కాబట్టి అలాంటి మందు సీసా మీద వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఉండి తీరాలి.

కాబట్టి ఎవరైనా సీసా చూపిస్తే ముందు లేబుల్ చదవండి. తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, హెచ్చరిక ఉండి, రిజిస్టరైన ఆయుర్వేద వైద్యుడి చీటీ కూడా ఉంటే అది ఒక మందు. ఇవేవీ లేకుండా దగ్గు మందు సీసాలో పోసి రబ్బరు బ్యాండు కట్టి ఇచ్చారంటే, లోపల ఆకు రసముందో బంక ఉందో ల్యాబ్ చెప్పేదాకా ఎవరికీ తెలియదు. అది చరస్ అని తేలితే వంద గ్రాముల లోపే ఉన్నా ఏడాది వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ‘సీసాలో ఉన్నదంతా నువ్వుల నూనే సార్, సరుకు చిటికెడే’ అని మా దగ్గరికి వచ్చేవాళ్లున్నారు. 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు, కలిపిన పదార్థంతో సహా మొత్తం బరువే లెక్క అని తేల్చేసింది.

ఇక మీ మాటల సంగతి. సెక్షన్ 29 ప్రకారం నేరానికి ప్రోత్సహించినా సహకరించినా నేరమే. ‘ఈ నూనె వల్ల ఇప్పుడు వేస్తున్న మందుతో ఇబ్బంది రావచ్చు, డాక్టరుగారితో చెప్పండి’ అనడం ప్రోత్సాహం కిందికి రాదు. ‘ఫలానా ఆయన దగ్గర దొరుకుతుంది, ఈ నంబరుకి ఫోన్ చెయ్యి’ అంటే అది సహకారం. డోసు చెప్పడం ఇంకో తప్పు. అది వైద్యం చేయడం అవుతుంది, నర్సింగ్ కాదు. రిజిస్టర్లో పేరు లేకుండా వైద్యం చేస్తే 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం సెక్షన్ 34 కింద ఏడాది వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా ఉన్నాయి.

చాలామందికి తట్టని చట్టం ఇంకొకటి ఉంది, 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం. క్యాన్సర్, మూర్ఛ లాంటి జబ్బులు ఫలానా మందుతో నయమవుతాయని ప్రకటించడాన్ని అది నిషేధిస్తుంది. కరపత్రమే కానక్కర్లేదు, నోటితో చేసిన ప్రకటన కూడా ఆ నిర్వచనంలో ఉంది. వార్డులో పదిమంది ముందు ‘దీంతో ఫిట్స్ పోతాయి’ అనకండి. వాట్సాప్ గ్రూపులో వచ్చినదాన్ని ఫార్వర్డ్ చేయకండి.

ఆ తల్లి ఆశ గాలిలోంచి పుట్టింది కాదు, అదీ చెప్పాలి. పిల్లల్లో వచ్చే రెండు తీవ్రమైన మూర్ఛ జబ్బులకు, లెనాక్స్ గాస్టో, డ్రావే సిండ్రోములకు, గంజాయి మొక్క నుంచి తీసి శుద్ధి చేసిన కన్నబిడయోల్ మందును అమెరికా ఎఫ్‌డీఏ 2018లో ఆమోదించింది. మూర్ఛకే వాడే మందుల్లో, అది క్లోబజామ్‌తో కలిస్తే మత్తు పెరుగుతుంది, వాల్‌ప్రోయేట్‌తో కలిస్తే లివర్ ఎంజైములు పెరగవచ్చు. మీ వార్డు పిల్లల్లో ఎంతమంది ఆ రెండు మాత్రల మీద ఉన్నారో నాకంటే మీకే బాగా తెలుసు. అమెరికాలో రాష్ట్రాల నర్సింగ్ బోర్డుల మండలి అదే 2018లో, వైద్యానికి గంజాయి వాడే రోగుల విషయంలో నర్సుల కోసం మార్గదర్శకాలూ విడుదల చేసింది. చదువుకోండి, జ్ఞానానికి పనికొస్తాయి. తిరుపతి కోర్టులో మాత్రం వాటి బలం సున్నా. అమెరికాలో ఉన్న కొడుకు కొరియర్లో పంపే గంజాయి గమ్మీలకూ (జెల్లీ మిఠాయిలకూ) అంతే. అక్కడ కొన్నప్పుడు ఇచ్చిన రసీదు చూపిస్తే దిగుమతి నేరం పోదు.

రోగి తాను వాడుతున్నానని చెబితే పోలీసులకు చెప్పాలా అని మీరు అడగలేదు గానీ, తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న. మామూలు పౌరుడు తప్పనిసరిగా పోలీసులకు తెలపాల్సిన నేరాల జాబితా బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 33లో ఉంది. గంజాయి వాడకం అందులో లేదు. కేస్ షీట్‌లో మాత్రం రాయండి, డాక్టరుకి చెప్పండి. రేపు ఆపరేషన్ అంటే మత్తు డాక్టరుకి అది తెలిసి తీరాలి. పక్క మంచం వాళ్లకి తెలియనక్కర్లేదు. ఎలా రాయాలంటే, ‘బయట కొన్న నూనె వాడుతున్నట్లు తల్లి చెప్పారు, డాక్టరుకు తెలియజేశాను’, తేదీ, సమయం, సంతకం. అందులో మీ అభిప్రాయం ఒక్క ముక్క కూడా వద్దు.

మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఆ సీసా ‘పక్కన పెట్టాను’ అన్నారు. ఎక్కడ పెట్టారు? మీ లాకర్లోనో డ్రాయర్లోనో ఉంటే, చట్టం లెక్కలో అది మీ స్వాధీనంలో ఉన్నట్లే. దయతో తీసుకున్నానని నిరూపించుకోవాల్సిన భారం మీ మీద పడుతుంది. ఎవరు ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు అన్నది రాసి, రేపు డ్యూటీకి వెళ్లగానే సీసాతో సహా మెడికల్ సూపరింటెండెంట్‌కి అప్పగించండి. అందినట్లు కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకుని ఇంట్లో దాచుకోండి.